తక్కెడను నమ్ముకున్న మనిషి



ఈ నెల ఒక చిన్న పరీక్షతో మొదలుపెడదాం. పిల్లలకు కాదు, మీకే. మీ అమ్మాయి ఎత్తు ఎంత అని ఎవరైనా అడిగితే మీ నోటికి ముందు ఏం వస్తుంది? నాలుగడుగుల ఎనిమిది అంగుళాలు అంటారా, 142 సెంటీమీటర్లు అంటారా? మనలో చాలామందికి వచ్చేది మొదటిదే. ఫ్లాటు చదరపు అడుగుల్లో చెబుతాం. ఇంటి స్థలం గజాల్లో, ఊళ్లో పొలం ఎకరాల్లో, సెంట్లలో, గుంటల్లో చెబుతాం. బంగారం కాసుల్లోనో తులాల్లోనో కొంటాం. పాలు, బియ్యం దగ్గరికి వచ్చేసరికి మాత్రం లీటర్లు, కిలోలు. ఒకే ఇంట్లో, ఒకే రోజు, మూడు నాలుగు కొలత పద్ధతులు నడుస్తాయి.

ఈ గందరగోళం మనకు అలవాటైపోయింది. పిల్లల సంగతి వేరు. వాళ్లు బడిలో మీటరు, లీటరు, కిలోగ్రాము నేర్చుకుంటారు. సెంటీమీటర్లను మీటర్లలోకి మార్చే లెక్కకు పూర్తి మార్కులు తెచ్చుకుంటారు. కానీ మన ఇంటి తలుపు ఎన్ని మీటర్ల ఎత్తుంటుంది, చేతిలో ఉన్న యాపిల్ ఎన్ని గ్రాములుంటుంది అని అడిగితే తడబడతారు. ఎందుకంటే ఆ కొలతలు వాళ్లకు నోటుబుక్కులోనే తెలుసు, చేతికి తెలియవు. బడి గేటు దాటగానే ఎవరూ ఆ భాష మాట్లాడరు.

అందుకే ఈ నెల మీకు ఒక శాస్త్రవేత్త జీవితం చెప్పాలనుకున్నాం. ఆంటోనీ లావోయిజర్. ఈ పేరు మీరు చదువుకున్న రోజుల్లోనూ ఉంది, ఇప్పుడు మీ పిల్లల తొమ్మిదో తరగతి సైన్స్ పుస్తకంలోనూ ఉంది. రసాయన చర్యలో పదార్థం కొత్తగా పుట్టదు, మాయమైపోదు అనే ద్రవ్యనిత్యత్వ నియమం దగ్గర ఆయన పేరు వస్తుంది. కానీ మీరు రోజూ కూరగాయల బండి దగ్గర వాడే కిలో వెనక కూడా ఆయన చేతి పని ఉందని పాఠంలో పెద్దగా చెప్పరు. ఆ కిలో చట్టంలోకి రాకముందే ఆయన ప్రాణం పోయింది.

లాయరు ఇంటి అబ్బాయి

లావోయిజర్ 1743 ఆగస్టు 26న పారిస్‌లో పుట్టాడు. తండ్రి లాయరు, బాగా ఉన్న కుటుంబం. అయిదేళ్ల వయసులో తల్లి చనిపోయింది. ఇంట్లో అందరూ అనుకున్నట్టే న్యాయశాస్త్రం చదివాడు, 1764లో పట్టా కూడా తీసుకున్నాడు. కానీ మనసు అటు లేదు. చదువుకునే రోజుల్లోనే రసాయన శాస్త్రం, భూగర్భ శాస్త్రం ఉపన్యాసాలకు వెళ్లేవాడు. పారిస్ వీధులకు రాత్రి వెలుతురు ఎలా అందించాలి అనే విషయం మీద ఆయన రాసిన వ్యాసానికి 1766లో బంగారు పతకం వచ్చింది. 1768లో, పాతికేళ్లు నిండకముందే, ఫ్రాన్స్ సైన్స్ అకాడమీలో సభ్యుడయ్యాడు.

అదే ఏడాది ఇంకో పని కూడా చేశాడు. ఆయన జీవితాన్ని చివరికి మలుపు తిప్పింది అదే. అప్పట్లో ఫ్రాన్స్‌లో పన్నుల వసూలు ఇజారా పద్ధతిలో నడిచేది. ఒక కంపెనీ రాజుకు ముందుగా సొమ్ము కట్టేది. తరువాత ఉప్పు మీద, పొగాకు మీద, పట్టణాల్లోకి వచ్చే సరుకుల మీద జనం దగ్గర పన్ను వసూలు చేసుకునేది. కట్టినదానికంటే ఎక్కువ వస్తే అది వాటాదారుల లాభం. లావోయిజర్ ఆ కంపెనీలో వాటా కొన్నాడు. ఆ డబ్బుతోనే ప్రయోగశాల నడిపాడు, ఖరీదైన పరికరాలు చేయించుకున్నాడు. అదే డబ్బు వల్ల జనం కోపంలో కూడా వాటాదారుడయ్యాడు.

1771లో ఆ కంపెనీలోని మరో వాటాదారుడి కూతురు మేరీ ఆన్‌ను పెళ్లి చేసుకున్నాడు. ఆమెకు అప్పటికి పదమూడేళ్లే. ఇవాళ మనం ఒప్పుకునే వయసు కాదు. ఆ రోజుల్లో పెద్దింటి పెళ్లిళ్లు అలా జరిగేవి. ఆమె ఆ ఇంట్లో భార్యగా మాత్రమే ఉండిపోలేదు. ఇంగ్లీషు నేర్చుకుని అక్కడి శాస్త్రవేత్తల రచనలు భర్తకు అనువదించి పెట్టింది. చిత్రలేఖనం నేర్చుకుని పరికరాల బొమ్మలు గీసింది. ప్రయోగాలు జరుగుతుంటే పక్కన కూర్చుని వివరాలు రాసింది. లావోయిజర్ పుస్తకంలోని పరికరాల చిత్రాలు ఆమె గీసినవే.

నూట ఒక్క రోజులు

ఆయన ఆలోచించే తీరు ఎలాంటిదో ఒక్క ప్రయోగం చాలు చెప్పడానికి. నీటిని ఎక్కువసేపు మరిగిస్తే అది మట్టిగా మారుతుందని అప్పట్లో చాలామంది నమ్మేవాళ్లు. దానికి రుజువు కూడా చూపించేవాళ్లు. గాజు పాత్రలో నీళ్లు రోజుల తరబడి మరిగిస్తే అడుగున పొడిలాంటిది నిజంగానే చేరేది.

లావోయిజర్ వాదనకు దిగలేదు. 1768 అక్టోబరులో ఒక గాజు పాత్రను విడిగా తూచాడు, నీళ్లు పోసి మళ్లీ తూచాడు. మూత బిగించి, లోపలి ఆవిరి లోపలే చల్లబడి తిరిగి పడేలా 101 రోజులు మరిగించాడు. చివర మొత్తం తూస్తే బరువు మారలేదు. పాత్రను విడిగా తూస్తే అది కొంత బరువు తగ్గింది. పాత్ర పోగొట్టుకున్న బరువు, అడుగున చేరిన పొడి బరువు దాదాపు సరిపోయాయి. అంటే పొడి వచ్చింది నీటి నుంచి కాదు, కరిగిన గాజు నుంచి. ఎంతో కాలంగా నడుస్తున్న నమ్మకాన్ని ఒక తక్కెడ తేల్చేసింది.

తరువాత ఆయన చేసినవన్నీ ఈ దారిలోనే. వస్తువు కాలేటప్పుడు ఏమవుతుంది, ఇనుము తుప్పు పడితే బరువు ఎందుకు పెరుగుతుంది, నీరు ఏ వాయువుల కలయిక అన్న ప్రశ్నలన్నిటికీ ముందూ వెనకా తూచి జవాబు చెప్పాడు. ఇంట్లో నెలాఖరుకు జమా ఖర్చు సరిచూసుకున్నట్టు, ప్రయోగం మొదట్లో ఉన్న బరువు చివరికి లెక్కకు రావాలి. రాకపోతే ఎక్కడో మనం చూడనిది ఉంది. పన్నుల కంపెనీ లెక్కలు రాసిన చేత్తోనే ఆయన ప్రకృతి లెక్కలూ రాశాడు.

ఒక పౌనుకు 9,216 గింజలు

ఇంత నిక్కచ్చిగా తూచే మనిషికి ఒక పెద్ద చిక్కు ఉండేది. తూచడానికి వాడే కొలతలే గజిబిజిగా ఉండేవి.

పారిస్‌లో బరువుకు మూల కొలత లీవ్ర్, అంటే అక్కడి పౌను. మన లెక్కలో సుమారు 489 గ్రాములు. ఒక లీవ్ర్‌కు 16 ఔన్సులు. ఒక ఔన్సుకు 8 గ్రోలు. ఒక గ్రోకు 72 గ్రెయిన్లు, అంటే గింజలు. పదహారుని ఎనిమిదితో, దాన్ని డెబ్భై రెండుతో హెచ్చిస్తే లీవ్ర్‌కు 9,216 గింజలు. ఇప్పుడు మీరు ఒక ప్రయోగంలో రెండు పదార్థాల బరువులు కూడి, మూడోదాన్ని తీసివేసి, శాతం కట్టాలనుకోండి. ప్రతి మెట్టులోనూ ఒక కొత్త సంఖ్యతో భాగించాలి. తప్పు దొర్లడానికి ఎన్ని చోట్లున్నాయో చూడండి.

పైగా ఇది పారిస్ లీవ్ర్ మాత్రమే. ఇంకో పట్టణానికి వెళ్తే పేరు అదే, బరువు వేరు. బట్ట కొలిచే గజం ఊరికొకటి. ధాన్యం కొలిచే పాత్ర సంతకొకటి. రైతు కౌలు ధాన్యం కొలిచి ఇవ్వాల్సింది భూస్వామి ఇంట్లో ఉన్న కొలపాత్రతో. ఆ పాత్ర ఎంత లోతు, అందులో గుట్టగా పోయాలా, పైన కర్రతో చదును చెయ్యాలా అన్నది భూస్వామి ఇష్టం. కొసరు ఎప్పుడూ ఒక పక్కకే పోయేది. 1789లో రాజు దేశమంతటి నుంచి ఫిర్యాదులు రాయించినప్పుడు, దేశానికి ఒకే కొలత కావాలన్న మాట ఊరూరి నుంచీ వచ్చింది. కొలత అనేది వాళ్లకు సైన్స్ పాఠం కాదు, అన్నం ముద్ద.

అదే 1789లో లావోయిజర్ తన రసాయన శాస్త్ర గ్రంథం అచ్చు వేయించాడు. అందులో ఆయన చేసిన ఒక సూచన మనం జాగ్రత్తగా గమనించాలి. ప్రభుత్వాలన్నీ కూర్చుని ఒకే కొలతకు ఒప్పుకునేదాకా మనం ఆగక్కర్లేదు అన్నది ఆయన ఆలోచన. ఏ దేశపు శాస్త్రవేత్త ఆ దేశపు పౌనునే వాడుకోవచ్చు. కానీ దాన్ని పదహార్లు, ఎనిమిదులు, డెబ్భై రెండులుగా కాకుండా పదో వంతులు, నూరో వంతులు, వెయ్యో వంతులుగా రాయాలి. అప్పుడు పౌనులు వేరైనా, నిష్పత్తులు అందరికీ ఒకేలా అర్థమవుతాయి. ఔన్సులను, గింజలను దశాంశాల్లోకి మార్చుకునే పట్టికలు కూడా ఆ పుస్తకం చివర చేర్చాడు.

చట్టం లేదు, సర్కారు ఉత్తర్వు లేదు. తన బల్ల మీద తన చేతనైన మార్పు తాను ముందు మొదలుపెట్టాడు. ఆయన జీవితంలో మనలాంటి ఇళ్లకు పనికొచ్చే పాఠం ఇదే అనిపిస్తుంది.

కిలో పుట్టిన చోటు

విప్లవం వచ్చాక కొత్త ప్రభుత్వం కొలతల సంస్కరణ అకాడమీకి అప్పగించింది. 1790లో తూకాలు, కొలతలు, నాణేలు అన్నీ పదులతో సాగాలని సిఫారసు చేసిన సంఘంలో లావోయిజర్ ఒకడు. 1791లో మీటరుకు మూలం నిర్ణయించారు. ఉత్తర ధ్రువం నుంచి భూమధ్యరేఖ వరకు ఉన్న దూరంలో కోటి వంతుల్లో ఒకటి మీటరు. ఏ రాజు చెయ్యి పొడవో, ఏ ఊరి గజమో కాదు. భూమి అందరిదీ కాబట్టి కొలత కూడా అందరిదీ కావాలన్నది ఆలోచన. దాన్ని కచ్చితంగా తేల్చడానికి డెలాంబర్, మెషేన్ అనే ఇద్దరు ఖగోళ శాస్త్రవేత్తలు 1792లో బయల్దేరారు. ఉత్తరాన డంకర్క్ నుంచి దక్షిణాన బార్సిలోనా వరకు కొలవడానికి వాళ్లకు ఆరేళ్లకు పైగా పట్టింది.

ఈ పనికంతటికీ నియమించిన సంఘానికి లావోయిజర్ కార్యదర్శి, కోశాధికారి. డబ్బు లెక్కలు చూశాడు, పరికరాలు చేయించాడు. వేడికి లోహపు కొలబద్ద ఎంత సాగుతుందో బోర్డా అనే శాస్త్రవేత్తతో కలిసి పరీక్షించాడు. ఎండాకాలంలో ఒక పొడవు, చలికాలంలో ఒక పొడవు చూపించే కొలబద్దను ఎవరు నమ్ముతారు?

బరువు సంగతి పూర్తిగా ఆయనదే. కొత్త బరువుకు మూలం నీరు. ప్రతి పక్కా మీటరులో పదో వంతు ఉన్న ఒక ఘనం నిండా పట్టే శుద్ధమైన నీరు ఎంత బరువో అదే ప్రమాణం. ఆ ఘనమే మనం అనే లీటరు. వినడానికి తేలిక. కానీ డబ్బాలో నీళ్లు పోసి తూస్తే సరిపోదు, డబ్బా కొలతలో వెంట్రుకంత తేడా కూడా బరువును మార్చేస్తుంది. అందుకని లావోయిజర్, హవీ అనే మరో శాస్త్రవేత్త కలిసి ఇంకో దారి పట్టారు. మీరు బావిలో చేద వేసి తోడి ఉంటే ఆ సూత్రం మీకు తెలిసిందే. నీళ్లలో ఉన్నంతసేపూ చేద తేలిగ్గా ఉంటుంది, పైకి రాగానే బరువెక్కుతుంది. ఎంత తేలికయిందో అంత బరువున్న నీటిని అది పక్కకు తోసిందన్న మాట. కొలతలు కచ్చితంగా తెలిసిన ఒక ఇత్తడి గొట్టాన్ని గాలిలో ఒకసారి, నీళ్లలో ఒకసారి తూచి, ఆ తేడా నుంచి వాళ్లు నీటి బరువు లెక్కగట్టారు.

1793 జనవరిలో లెక్క తేలింది. పాత కొలతలో 18,841 గింజలు. ఆ ఏడాది ఆగస్టులో దీన్ని తాత్కాలిక ప్రమాణంగా చట్టం చేశారు. అప్పటికి దాని పేరు కిలో కాదు, గ్రావ్. ఆరేళ్ల తరువాత ఇతర శాస్త్రవేత్తలు మీటరును తిరిగి సరిచూసి, మెరుగైన పద్ధతిలో మళ్లీ తూస్తే 18,827 గింజలకు కొంచెం పైన వచ్చింది. అంటే లావోయిజర్ లెక్కకూ చివరి కిలోకూ మధ్య తేడా ఒక గ్రాము కూడా లేదు.

తూకం తప్పిందన్న నేరం

కానీ బయట గాలి మారిపోయింది. పన్నుల ఇజారా కంపెనీ మీద జనానికి ఏళ్ల తరబడి పేరుకున్న కోపం ఉంది. ఉప్పు మీద పన్నుకు పేదవాళ్లు అల్లాడారు. సరుకు దొంగతనంగా రాకుండా పారిస్ చుట్టూ గోడ కట్టించాలన్న సలహా లావోయిజర్‌దే. ఆ గోడ 1780లలో లేచింది. నగరాన్ని జైలు చేశారని జనం తిట్టుకున్నారు. ఇది ఆయన జీవితంలోని నిజం, దాచి చెప్పడం న్యాయం కాదు. ప్రయోగశాలలో ప్రతి గింజకూ లెక్క చెప్పిన మనిషి, బయట తన ఆదాయం ఎవరి కంచం నుంచి వస్తోందో అంత నిశితంగా చూడలేదేమో అనిపిస్తుంది.

1793 నవంబరు చివర్లో కంపెనీ వాటాదారులందరినీ అరెస్టు చేశారు. లావోయిజర్ స్వయంగా వెళ్లి లొంగిపోయాడు. కొలతల పనికి ఆయన అవసరం ఉందని తోటి శాస్త్రవేత్తలు ప్రభుత్వానికి విన్నవించారు. ఫలితం తారుమారైంది. డిసెంబరులో ఆయనతోపాటు బోర్డా, లాప్లాస్, డెలాంబర్ వంటివాళ్లను కూడా ఆ సంఘం నుంచి తీసేశారు. జైల్లో కూడా ఆయన తన రచనలు సవరించుకుంటూ కూర్చున్నాడు.

1794 మే 8న విచారణ జరిగింది. మోపిన నేరాల్లో ఒకటి వింటే మనసు చివుక్కుమంటుంది. పొగాకుకు నీళ్లు పట్టించి, బరువు పెంచి, జనానికి అమ్మారన్నది ఆ ఆరోపణ. దేశానికి నిజమైన తూకం ఇవ్వడానికి ఏళ్ల తరబడి కష్టపడిన మనిషి మీద తప్పుడు తూకం నేరం. అదే రోజు తీర్పు, అదే రోజు శిక్ష. మొత్తం 28 మంది తలలు తీశారు. వాళ్లలో మేరీ ఆన్ తండ్రి కూడా ఉన్నాడు. ఒకే సాయంత్రం ఆమె భర్తనూ తండ్రినీ పోగొట్టుకుంది. లావోయిజర్‌కు అప్పటికి యాభై ఏళ్లు.

కొంతకాలానికి ప్రభుత్వం మారింది. జప్తు చేసిన ఆస్తి, పుస్తకాలు, పరికరాలు ఆమెకు తిరిగి వచ్చాయి. ఆయన జైల్లో సిద్ధం చేసుకున్న వ్యాసాలను ఆమె అచ్చు వేయించింది. 1836 వరకు బతికింది.

చట్టం వచ్చింది, అలవాటు రాలేదు

లావోయిజర్ పోయిన మరుసటి ఏడాది, 1795 ఏప్రిల్‌లో, మీటరు, లీటరు, గ్రాము అనే పేర్లతో చట్టం వచ్చింది. 1799 జూన్‌లో ప్లాటినంతో చేసిన మీటరు కడ్డీని, కిలోగ్రాము దిమ్మెను ప్రభుత్వ భాండాగారంలో భద్రపరిచారు. కథ ఇక్కడితో అయిపోవాలి. కానీ అవ్వలేదు.

ఊరూరి నుంచి ఒకే కొలత కావాలని అడిగిన జనమే, తీరా అది చేతికి వచ్చాక వాడలేదు. కొత్త పేర్లు నోటికి తిరగలేదు. షాపువాళ్లు పాత రాళ్లతోనే తూచారు, కొనేవాళ్లు పాత పేర్లతోనే అడిగారు. చివరికి 1812లో నెపోలియన్ కొంత దిగివచ్చి, చిల్లర వ్యాపారంలో పాత పేర్లకు అనుమతి ఇచ్చాడు. అర కిలోను లీవ్ర్ అని పిలుచుకోవచ్చు అన్నాడు. పాతదీ కాదు, కొత్తదీ కాదు అన్నట్టు ఇరవై ఏళ్లకు పైగా నడిచింది. 1837లో మరో చట్టం చేసి, 1840 జనవరి 1 నుంచి మెట్రిక్ కొలతలు తప్ప వేరేవి చెల్లవని తేల్చారు. మొదటి చట్టానికీ దీనికీ మధ్య 45 ఏళ్లు. అప్పటి పిల్లలు తాతలయ్యేంత కాలం.

శాస్త్రవేత్తలు భూమిని ఆరేళ్లలో కొలిచారు. ఇళ్లలో అలవాటు మారడానికి అంతకు ఏడు రెట్లకు పైగా పట్టింది. అసలు కష్టం భూమిని కొలవడంలో లేదు, వంటింట్లో ఉంది.

మన పదహారణాల సంగతి

మన దగ్గర కూడా ఇదే కథ సగం నడిచింది. మీ తాతలను అడగండి. కోస్తా ఊళ్లలో వీశలు, మణుగులు ఉండేవి. వీశ అంటే సుమారు 1.4 కిలోలు, ఎనిమిది వీశలు ఒక మణుగు. హైదరాబాద్ వైపు సేర్లు నడిచేవి. గింజలు సోలలు, తవ్వలు, మానికలు, కుంచాల్లో కొలిచేవాళ్లు. రూపాయికి పదహారు అణాలు, అణాకు నాలుగు పైసలు.

1956లో పార్లమెంటు మెట్రిక్ తూనికలు, కొలతల చట్టం చేసింది. తెలుగు ప్రాంతాలు ఒకే రాష్ట్రంగా ఏర్పడింది కూడా ఆ ఏడాదే. 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి నూరు నయా పైసలు వచ్చాయి. 1958 అక్టోబరు నుంచి దశలవారీగా కిలోలు వచ్చాయి. ఇవాళ పదహారణాల తెలుగమ్మాయి అన్న మాటలో తప్ప అణాలు ఎక్కడా లేవు. ఎందుకని? డబ్బు ప్రతి ఇంటి నుంచీ రోజూ బయటికి వెళ్లాలి. బియ్యం, పప్పు రోజూ కొనాలి. రోజూ వాడినవి మారిపోయాయి. ఎత్తు, ఇంటి స్థలం, బంగారం ఎప్పుడో ఒకసారి కొలిచేవి కాబట్టి అవి పాత భాషలోనే ఉండిపోయాయి.

దీనివల్ల నష్టం ఏముంది అంటారా? ఉంది. తులం సంగతే చూడండి. పాత లెక్కలో తులం అంటే సుమారు 11.66 గ్రాములు. ఇవాళ చాలా షాపుల్లో తులం అంటే 10 గ్రాములు. అమ్మమ్మ ఇచ్చిన అయిదు తులాల గొలుసు, మీరు కొన్న అయిదు తులాల గొలుసు ఒకటి కాకపోవచ్చు. పేరు ఒకటి, బరువు రెండు. లావోయిజర్ కాలపు ఫ్రాన్స్‌లో రైతు ఎదుర్కొన్న చిక్కు సరిగ్గా ఇదే. గ్రాములకు ఆ చిక్కు లేదు.

ఇంకా ముఖ్యమైనది పిల్లల మందు. డాక్టరు గారు 5 మిల్లీలీటర్లు అని రాస్తే మనం ఒక స్పూను అనుకుంటాం. వంటింట్లో స్పూన్లన్నీ ఒకే సైజులో ఉండవు. చిన్న పిల్లలకు మందు మోతాదు వాళ్ల బరువును బట్టి, కిలోల లెక్కన నిర్ణయిస్తారు. అక్కడ కొలత తప్పితే పోయేది మార్కులు కాదు. సీసాతో వచ్చిన గీతల మూతను గానీ, సిరంజిని గానీ వాడండి. వంటింటి స్పూను వద్దు.

ఈ నెల మీ ఇంట్లో

పెద్ద మార్పులేవీ అడగడం లేదు. లావోయిజర్ చేసినట్టు మీ బల్ల దగ్గర మీరు మొదలుపెట్టండి.

పిల్లల గది తలుపు చట్రం మీద పెన్సిలుతో ఎత్తు గీత గియ్యండి, పక్కన సెంటీమీటర్లలో రాయండి. మూడు నెలలకోసారి వాళ్ల చేతే కొలిపించండి. ఇల్లు ఎంత అని అడిగితే, వెయ్యి చదరపు అడుగులంటే దాదాపు 93 చదరపు మీటర్లని కూడా చెప్పండి. రెండు వందల గజాల స్థలం సుమారు 167 చదరపు మీటర్లు. ముందు పిల్లల్ని అంచనా వెయ్యమనండి, తరువాత టేపు తీసి కొలవమనండి. తప్పు అంచనాకు నవ్వకండి. నాలుగుసార్లకు వాళ్ల కళ్లే కొలతలు నేర్చుకుంటాయి.

కూరగాయలకు తీసుకెళ్లండి. కాటా మీద అంకె సున్నా దగ్గర ఉందో లేదో చూడమనండి. ప్రభుత్వ తూనికలు కొలతల శాఖ ముద్ర ఎక్కడుంటుందో వెతకమనండి. కిలో ధర తెలిస్తే 350 గ్రాములకు ఎంత అవుతుందో బండి దగ్గరే నోటితో కట్టమనండి. ఇది ఏ వర్క్‌షీటూ నేర్పలేని లెక్క. సూపర్ మార్కెట్‌లో ఒకే రకం బిస్కెట్ల రెండు ప్యాకెట్లు చేతికిచ్చి, ఏది చవకో చెప్పమనండి. ధర మారకుండా లోపలి గ్రాములు తగ్గిపోవడం మీరు గమనించే ఉంటారు. చాలా ప్యాకెట్ల మీద ఇప్పుడు గ్రాముకు ఎంత పడుతుందో కూడా ముద్రిస్తున్నారు. ఆ చిన్న అక్షరాలు చదివే అలవాటున్న పిల్లల్ని రేపు పెద్దయ్యాక మోసం చెయ్యడం కష్టం.

పాత మాటల్ని చెరిపేయమని కాదు. మల్లెపూలు మూర లెక్కనే కొనండి, అమ్మే ఆవిడ చెయ్యి కాస్త పొడవుగా ఉంటే సంతోషించండి. సోల, తవ్వ, మానిక అంటే ఏమిటో తాతయ్య దగ్గర పిల్లలకు చెప్పించండి. అది మన భాష సంపద. కానీ డబ్బు చేతులు మారే చోట, మందు నోట్లోకి వెళ్లే చోట, అందరికీ ఒకే అర్థం ఉన్న కొలత వాడదాం.

తన చివరి రోజుల్లో లావోయిజర్‌కు తన కిలో ఎవరైనా వాడతారో లేదో తెలియదు. ఆయన చేతిలో ఉన్నది తక్కెడ ఒక్కటే, దాన్ని నమ్ముకున్నాడు. ఈ ఆదివారం తలుపు చట్రం మీద మీరు గీసే ఆ పెన్సిలు గీత పక్కన అంకె సెంటీమీటర్లలో రాసేటప్పుడు, ఆ అంకె వెనక ఉన్న మనిషి కథ ఒక్క నిమిషం మీ పిల్లలకు చెప్పండి. తొమ్మిదో తరగతికి వచ్చి పుస్తకంలో ఆ పేరు చూసినప్పుడు, వాళ్లకు అది తెలిసిన పేరై ఉంటుంది.